మూడో లేన్ గంట

మోకాళ్లకు మించిన నీళ్లలోకి నేను పుట్టి బుద్ధెరిగి దిగలేదు. ఈత రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా మా కరీంనగర్‌లో పిల్లల ఈత పోటీలు జరిగితే, నీళ్ల అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, తెల్లటోపీ పెట్టుకొని, మెడలో కార్డు వేలాడేసుకొని దర్జాగా కూర్చునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా అత్తమ్మ దీనికి "నీళ్ల నౌకరి" అని పేరు పెట్టింది. జీతం లేని నౌకరి, ఆదివారం కూడా సెలవు లేని నౌకరి అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంటుంది. అది ఆమెకు తెలియదు.

మా బిడ్డకు తొమ్మిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఈతకు చేర్పించాను. ఇంట్లో ఉంటే ఫోను వదలదని చేర్పించాను గానీ, గొప్ప ఈతగత్తెను చేద్దామని కాదు. సెలవులు అయిపోయాయి, ఈత మాత్రం అయిపోలేదు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. పొద్దున ఐదింటికి పిల్లను స్కూటీ మీద దింపడం, తడిబట్టలు పిండడం, కొలనులో కలిపే మందుకు పీచులా తయారైన జుట్టుకు నూనె పెట్టడం అంతా నా వంతే. మాది పెద్ద క్లబ్బేమీ కాదు. ఇరవై ఐదు మీటర్ల కొలను, ఆరు లేన్లు, రెండు బాత్రూములు. బాత్రూముల్లో ఒకదానికి గడియ పడదు. పోటీలు పెడితే పనిచేయడానికి జీతగాళ్లు ఉండరు కాబట్టి మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిల్ల నీళ్లలో ఉంటే తల్లో తండ్రో గట్టు మీద ఏదో ఒక పని పట్టాలి.

మొదటి ఏడు నేను మజ్జిగ పోశాను. రెండో ఏడు పేర్ల కాగితాలు గోడకు అంటించాను. మూడో ఏడు నన్ను గట్టు మీదికి పిలిచారు. పిలిచింది మా రిఫరీ. సర్కారు బడిలో డ్రిల్లు సారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ నడిస్తే కవాతు చేస్తున్నట్టే ఉంటుంది. గట్టు మీద కూర్చునేవాళ్లందరూ తెల్లబట్టలే వేసుకోవాలని ఆయన పట్టుదల. ఆ సంగతి ఇంట్లో చెప్పగానే మా అత్తమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

"మొగడు మస్కట్ల మంచిగుండంగ తెల్లచీర ఎట్ల గడ్తవే? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?"

వారం రోజులు ఇంట్లో ఇదే పంచాయితీ. చివరికి ఇద్దరం ఒక రాజీకి వచ్చాం. తెల్ల పంజాబీ డ్రెస్సు, దాని మీద ఎర్రచుక్కలు, పైన ఎర్రచున్నీ. డ్రిల్లు సారు ఆ చుక్కల వంక చూశారు, నా నుదుటి మీది బొట్టు వంక చూశారు, కుర్చీ చూపించారు. ఆయన ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటుంది.

ఈత పోటీ అంటే పిల్లలు ఈదడమే అనుకుంటారు చూడవచ్చినవాళ్లు. పిల్లలు ఈదేది కాసేపే. దాని చుట్టూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద మేం పడే తిప్పలు ఎవరికీ కనిపించవు. గడియారాలు పట్టుకొని బొటనవేళ్లు నొప్పి పెట్టించుకునేవాళ్లు కొందరు. మలుపు దగ్గర నిలబడి, పిల్లల చేతులు రెండూ గోడకు ఒక్కసారే తాకాయా లేదా అని వంగి వంగి నడుములు పోగొట్టుకునేవాళ్లు కొందరు. పిల్లలను పిలిచి లేన్ల ప్రకారం వరుసలో కూర్చోబెట్టే పని నా దోస్తుది. ఆమెది ఆదిలాబాద్. ఇక్కడ ఒక దవాఖానాలో నర్సు. తెలుగులో మొదలుపెట్టిన మాటను మరాఠీలో ముగిస్తుంది. "లవ్‌కర్ రాండ్రి, లవ్‌కర్!" అని ఆమె తొందరపెడుతూ కేకేస్తే పిల్లలే కాదు, మజ్జిగ తాగుతున్న తండ్రులు కూడా గ్లాసులు పడేసి పరుగెత్తుతారు. తన పోటీ వచ్చే వేళకు భయంతో బాత్రూములో దాక్కున్న పిల్లలను వెతికి పట్టుకురావడంలో ఆమెను మించినవాళ్లు లేరు. తిట్టదు, బుజ్జగించదు. వీపు మీద అరచెయ్యి పెట్టి నిలబడుతుంది. కొంతసేపటికి పిల్ల తనంతట తనే లేస్తుంది.

ఇక నా పని ల్యాపుల లెక్క. ఈ గోడ నుంచి ఆ గోడకు పోతే ఒక ల్యాప్. దూరం ఈదే పిల్లలకు తల నీళ్లలో ఉంటుంది, ఊపిరి అందదు, ఎన్ని తిరిగామో మరిచిపోతారు. అందుకని లేన్‌కు ఒకరం గట్టు మీద కూర్చొని లెక్కపెడతాం. ఇంకా రెండు ల్యాపులే ఉన్నాయనగా, పిల్ల మా వైపు గోడను తాకి మళ్లేటప్పుడు గంట కొడతాం. అది వింటే పిల్ల దాచుకున్న బలమంతా బయటికి తీస్తుంది. గడియారం పట్టినవాళ్లు కూడా ఆ గంట విన్నాకే వేలు సిద్ధం చేసుకుంటారు. ఆరు లేన్లకు ఆరు గంటలు ఎక్కడ తెస్తాం? ఒకటి ఎవరి ఇంట్లోదో పూజగంట. ఒకటి డ్రిల్లు సారు పనిచేసిన బడిలోని పాత గంట. మిగిలినవాళ్లు స్టీలు పళ్లెం మీద గంటెతో కొడతారు. బడిగంట మూడో లేన్‌ది. మూడో లేన్ నాది.

నాకు ఆ పని దొరకడానికి కారణం బీడీలు. మా అవ్వగారిల్లు, అంటే పుట్టిల్లు, జగిత్యాల దిక్కు. పదకొండేళ్ల నుంచి పెళ్లయ్యేదాకా, పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టాను. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. ముచ్చట్లు పెడుతూ, టీవీ చూస్తూ, చంటిపిల్లకు పాలిస్తూ చుట్టినా నా ఇరవై ఐదు తప్పేది కాదు. నోరు లెక్కపెట్టదు, కళ్లు లెక్కపెట్టవు, వేళ్లే లెక్కపెడతాయి. ఇరవై ఐదోది పడగానే చెయ్యి దానంతట అదే దారం మీదికి పోతుంది. కట్ట కట్టి, పక్కన పెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలు. కార్ఖానాలో నా కట్ట విప్పి ఒక్కటి తక్కువుందని అన్నవాళ్లు లేరు. మజ్జిగ పోసే రోజుల్లో ఈ గొప్ప ఎప్పుడో చెప్పుకుంటే డ్రిల్లు సారు గుర్తుపెట్టుకున్నారు.

"దినాం వెయ్యి బీడీలు లెక్కవెట్టిన చెయ్యికి గీ పదహారు ల్యాపులు ఒక లెక్కనా అమ్మా?" అని గంట నా చేతిలో పెట్టారు.

మిగతా లేన్ల వాళ్లు కాగితం మీద ల్యాపుకు ఒక గీత గీసుకుంటారు. మొదటి రోజే నాకూ కాగితం ఇవ్వబోతే వద్దని చేత్తో తోసేశాను. ఆ తర్వాత కూడా తోసేస్తూనే వచ్చాను. ఒక్కనాడూ తప్పలేదు. మూడో లేన్ గంట మోగిందంటే ఇంక చూసుకునే పని లేదని క్లబ్బులో పేరు వచ్చింది. ఆ పేరు నాకు చాలా నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

మా దగ్గర ఇంకో నియమం ఉంది. కన్నవాళ్లు తమ పిల్ల ఈదే లేన్‌కు కూర్చోకూడదు. వెనకటికి ఒక తండ్రి గడియారం పట్టుకొని, కొడుకు ఇంకా గోడకు మూరెడు దూరంలో ఉండగానే నొక్కేశాడట. కావాలని కాదు సారూ, వేలు ఆగలేదు అన్నాడట. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. అప్పటి నుంచి ఎవరి పిల్ల ఏ లేన్‌లో ఉంటే ఆ తల్లిదండ్రులను పక్కకు జరుపుతారు. మంచి నియమమే. నన్ను ఇరకాటంలో పెట్టింది కూడా ఆ నియమమే.

పోయిన ఎండాకాలం రాష్ట్ర పోటీలకు జిల్లా జట్టును ఎంపిక చేశారు. ఆడపిల్లలకు ఎనిమిది వందల మీటర్లు పెట్టడం మా కొలనులో అదే మొదలు. ముప్ఫై రెండు ల్యాపులు. అంతకుముందు నేను లెక్కపెట్టిన పెద్ద దూరం నాలుగు వందలు, అంటే పదహారు. ఎనిమిది వందలకు జట్టులో ఒక్కరికే చోటు. బరిలో నలుగురు ఉన్నా, అసలు పోటీ ఇద్దరి మధ్యే అని అందరికీ తెలుసు. ఒకరు నాలుగో లేన్‌లో మా బిడ్డ. ఇంకొకరు మూడో లేన్‌లో లక్సెట్టిపేట పిల్ల.

ఆ పిల్లకూ మా బిడ్డకూ ఒకే వయసు, పద్నాలుగు. గోదావరి ఒడ్డున పుట్టి, బాపు భుజాల మీది నుంచి నీళ్లలోకి దూకుతూ ఈత నేర్చుకుంది. కొలనులో గోడ దగ్గర మళ్లడం నేర్పడానికి మా కోచ్‌కు ఏడాది పట్టింది. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. క్లబ్బులో పిల్లలంతా నన్ను ఆంటీ అంటే, ఆ పిల్ల ఒక్కతే పెద్దమ్మా అనేది. నేను తెచ్చిన సర్వపిండిలో సగం తనే తినేసి, మిగిలింది దాచి మా బిడ్డను ఉడికించేది. ఇద్దరూ ఒకే నూనెసీసా వాడుకుంటారు, ఒకే తువ్వాలు కోసం కొట్టుకుంటారు, నీళ్లలో దిగితే మాత్రం ఒకరినొకరు ఎరగరు.

పోటీ రోజు పొద్దున స్కూటీలు పెట్టే చోట ఆ పిల్ల బాపు కనిపించాడు. ఉన్నది కొద్ది పొలం, వరి వేస్తాడు. తొలి బస్సుకు వచ్చినట్టున్నాడు. బిడ్డ బట్టల సంచీ భుజానికి వేసుకొని నిలబడ్డాడు.

"మా చెల్లె ఇంట్ల ఉంచవట్టి రెండేండ్లాయె అక్కా," అన్నాడు. "ఆమెకూ పిల్లలున్నరు. ఎన్నొద్దులని ఉంచుకుంటది? స్టేట్‌కు ఎక్కితె స్పోర్ట్స్ హాస్టల్ల సీటు అడగొచ్చంటున్నరు సారు. ఎక్కకపోతె ఇయ్యాల్నే ఇంటికి తీస్కపోత. గందుకే బట్టలు గూడ సదిరిచ్చిన."

"ఇంటికాడ గోదారి ఉన్నది గదా అన్నా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"గోదారిల ఈదితె టైము ఎవలు రాస్తరక్కా?" అని నవ్వాడు. నవ్వి సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

ఆయన మాటకు నా మనసు చివుక్కుమంది. కానీ నా బిడ్డ కూడా అదే చోటు కోసం నాలుగున్నరకు లేస్తోంది. నేను ఎవరు గెలవాలని దేవుడికి మొక్కాలో తెలియక మొక్కకుండానే వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. డ్రిల్లు సారు కాగితం పట్టుకొని వచ్చారు. "ఇయ్యాల ముప్ఫై రెండమ్మా. గీతలు గీసుకుంటవా?" అన్నారు. నేను వద్దన్నాను.

విజిల్ పడింది. నలుగురూ దూకారు. మొదటి పది ల్యాపులు మా బిడ్డా ఆ పిల్లా గీత గీసినట్టు ఒక్క వరుసలో పోయారు. తర్వాత ఆ పిల్ల ముందుకు జరగడం మొదలైంది. ముందు మూరెడు, తర్వాత మనిషెడు. ఇరవై దాటేసరికి రెండు మూడు మనుషుల దూరం ముందుంది. నేను కళ్లతో మా బిడ్డను చూస్తున్నాను, వేళ్లతో ఆ పిల్లను లెక్కపెడుతున్నాను. అలవాటైన చెయ్యి కదా, ఆ ధీమా. బొటనవేలు ఒక్కొక్క కణుపు మీదుగా జరుగుతోంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు. అటు గోడకు తాకింది, ఇరవై ఐదు.

ఇరవై ఐదు దగ్గర నా చెయ్యి దారం కోసం పోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా. కట్ట కట్టింది, పక్కన పెట్టింది. ఈలోపు ఆ పిల్ల మా వైపు గోడను తాకి మళ్లిపోయింది. ఆ ల్యాప్ నా లెక్కలోకి రాలేదు. అప్పుడది నాకు తెలియదు. వేళ్లు మళ్లీ నడవడం మొదలుపెట్టాయి, నేను వాటిని నమ్ముకొని మా బిడ్డ భుజాలనే చూస్తూ కూర్చున్నాను.

లెక్కలో తప్పింది ఒక్క ల్యాపే. కానీ నా లెక్కలో ముప్ఫై అటు గోడ దగ్గర పడింది, గంట మా వైపు గోడ దగ్గర మాత్రమే కొడతాం కదా, అందుకని ఆ ఒకటి రెండయింది. నాలుగో లేన్‌లో పళ్లెం మోగింది. మా బిడ్డకు ఇంకా రెండే. అదేమిటి, ముందున్న పిల్లకు ఇంకా రాని గంట వెనకున్న పిల్లకు ముందెలా వచ్చిందని నాకు అనిపించాలి. అనిపించలేదు. నాలుగో లేన్ ఆయనకు కంగారెక్కువ, తొందరపడ్డాడేమో అనుకున్నాను. చూడండి నా పొగరు. ఆ పిల్ల మా వైపుకు వస్తోంది, ఒంట్లో ఉన్నదంతా తీసి ఈదుతోంది. నేను లేచి నిలబడి బడిగంట గణగణా మోగించాను. ముప్ఫై రెండూ పూర్తిచేసి గోడ తాకిన పిల్లకు ఇంకా రెండున్నాయని చెప్పాను.

ఆ పిల్ల ఒక్క క్షణం తల ఎత్తింది. నా గంట చూసింది. తల దించి, గోడను తన్ని మళ్లీ వెళ్లిపోయింది. గడియారం పట్టుకున్నాయన నా గంట విని అప్పుడే వేలు సిద్ధం చేసుకున్నాడు.

కొద్దిసేపటికి మా బిడ్డ గోడ తాకింది. చప్పట్లు. నేను కూడా చప్పట్లు కొట్టబోయాను. రెండు చేతులూ పైకెత్తాను, అక్కడే ఆగిపోయాయి. నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ లేని దారాన్ని పట్టుకొని ముడేసినట్టు ఉన్నాయి. మనసులో వెనక్కి నడిచాను. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, కట్ట. ఆ తర్వాత మా వైపు వచ్చింది ఏది? దానికి నంబరు లేదు.

ఆ పిల్ల మిగిలిన రెండు ల్యాపులూ ఈది వచ్చేసరికి మిగతా ఇద్దరిలో ఒకరు కూడా వచ్చేశారు. మూడోది అయింది. చివర్ల దమ్ము అయిపోయినట్టుంది పాపం అని నా వెనక ఎవరో అన్నారు. కంచె అవతల నిలబడ్డ బాపు కొలను వంక ఒకసారి చూశాడు. తువ్వాలు మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు, విడిచిన చెప్పులు వేసుకున్నాడు.

ఒక్కొక్క లేన్ లెక్కమనిషి ల్యాపులు సరిగ్గా అయ్యాయని సంతకం చేయాలి. డ్రిల్లు సారు మొదట నా దగ్గరికే వచ్చారు. "సంతకం వెట్టమ్మా. ముందుగాల నీకు ముబారక్, బిడ్డ గెల్చింది," అని కలం ఇచ్చారు.

ఆ కలం పట్టుకొని నేనేం ఆలోచించానో రాస్తాను. రాయకపోతే ఇదంతా చెప్పడం దండగ. ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఆ పిల్లకు కూడా తెలియదు. నా బిడ్డ ఒంటిమీద రాష్ట్ర పోటీల టోపీ, చొక్కా కనిపించాయి. మా ఆయన ఫోనులో అరుస్తూ తోటివాళ్లను పిలిచి చూపించడం కనిపించింది. నేను కావాలని చేయలేదు కదా అని కూడా అనుకున్నాను. ఇవన్నీ అనుకుంటూ సంతకం చేసే చోటు మీద కలం ముల్లు ఆనించాను. చుక్క పడింది.

ఆ చుక్క వైపు చూశాను. కలం ఆయనకే తిరిగి ఇచ్చాను.

"సారూ, తప్పింది. రెండు ఎక్కువ ఈదిపిచ్చిన. గా పిల్లే గెల్చింది."

తర్వాత గట్టు మీద ఐదు నిమిషాలు ఎవరేం మాట్లాడారో విడదీసి చెప్పలేను. ఒకామె మాట మాత్రం బాగా వినిపించింది. "సొంత బిడ్డ పక్క లేన్ల ఉండంగ లెక్క ఊకెనే తప్పుతదా?" అంది. నేను కోపిష్టిదాన్ని. మామూలుగా అయితే అక్కడే కడిగేసేదాన్ని. కానీ ఆమె స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని. నా ఆదిలాబాద్ దోస్తు ఊరుకోలేదు.

"అట్లయితె చెప్పేదా బాయి? నోరు మూసుకొని సంతకం గీకకపోయేదా? జర సోంచాయించి మాట్లాడు!"

డ్రిల్లు సారు నా వైపు తిరిగారు. ఎలా తప్పిందని అడిగారు. బీడీలు, కట్ట, దారం అంతా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది, పెద్ద పెద్దవాళ్ల మధ్య ఈ బీడీల కథేమిటని. ఆయన నవ్వలేదు. "కాగితం ఇస్తె తోసేస్తివి. నువ్వు తోసేస్తె నేను గూడ ఊకున్న. నాది గూడ ఉన్నది తప్పు," అన్నారు. తర్వాత నియమాల పుస్తకం తెప్పించారు. ముప్ఫై రెండో ల్యాపుకు ఎవరూ గడియారం నొక్కలేదు కాబట్టి ఆ పిల్ల అసలు టైము ఎవరి దగ్గరా లేదు. గట్టు మీదివాళ్ల తప్పుకు పిల్లను శిక్షించకూడదు. చివరికి తేల్చింది ఏమిటంటే, సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల ఒక్కతే మళ్లీ ఎనిమిది వందలూ ఈదాలి. మా బిడ్డ టైముకంటే ముందు వస్తే చోటు తనది. లేకపోతే మా బిడ్డది.

న్యాయంగానే ఉంది అన్నారు అందరూ. నాకు మాత్రం అనిపించలేదు. పొద్దున అంత దూరం ఈది, నా వల్ల ఇంకో రెండు ల్యాపులు ఎక్కువ ఈది, ఆ ఎండలో మళ్లీ ఒక్కతే.

మధ్యాహ్నం షామియానా కింద చాప మీద పడుకోబెట్టి ఆ పిల్ల పిక్కలు నేనే పిసికాను. అరటిపండు తినిపించాను, గ్లూకోజు కలిపిచ్చాను. బాపు పక్కన కూర్చొని కాగితంతో విసురుతున్నాడు. నన్ను ఒక్క మాట అంటే బాగుండేది. కాసేపటికి ఆ పిల్లే కళ్లు మూసుకొని మాట్లాడింది.

"నా లెక్క గూడ అయిపోయిందనే చెప్పింది పెద్దమ్మా. పక్క లేన్ పళ్లెం సప్పుడు గూడ ఇన్న. కని నీ గంట మోగె. నువ్వు తప్పవు గద, నేనే తప్పిన అనుకున్న."

నా చేతులు పిక్కల మీదే ఆగిపోయాయి. నాకు అంతకుముందు ఏడుపు రాలేదు, అప్పుడు వచ్చింది. ఆ పిల్ల కళ్లు తెరిచి కంగారుపడి, "ఏడువకు పెద్దమ్మా, మల్ల ఈదుత గద," అంది. నేను ఓదార్చాల్సిన పిల్ల నన్ను ఓదార్చింది.

నాలుగింటికి డ్రిల్లు సారు మూడో లేన్ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టారు. నేను అడగలేదు, వెనక వరుసలో నిలబడ్డాను. ఆ పిల్ల దూకే గట్టు ఎక్కి, కుర్చీలో ఎవరున్నారో చూసి, దిగేసింది.

"సార్, పెద్దమ్మనే కూసోవెట్టుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"ఆమె తప్పయితె తప్పయిందని చెప్తది సార్."

డ్రిల్లు సారు కుర్చీలో ఉన్నవాళ్లను లేపారు. నాకు కుర్చీ చూపించారు. ఈసారి కాగితం నేనే అడిగి తీసుకున్నాను.

ఆ ఎనిమిది వందల మీటర్లు మా క్లబ్బులో ఎవరూ మరిచిపోరు. నేను గీత గీస్తున్నాను, నా వెనక నా దోస్తు వేళ్లు ముడుస్తోంది. పదో ల్యాపు నుంచి గట్టు మీద అందరూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మజ్జిగ పోసేవాళ్లు, గడియారాలవాళ్లు, పొద్దున నన్ను మాట అన్నామె కూడా. నన్ను నమ్మకనో, ఆ పిల్ల మీద ప్రేమతోనో, రెండూనో. ఇరవై ఐదు అని అందరూ అరిచినప్పుడు నేను కాగితం చిరిగేలా గీత గీశాను. ఇరవై ఆరు అని అంతకంటే గట్టిగా అరిచారు. ముప్ఫై దగ్గర గంట కొట్టాను. ఆ పిల్ల ఈసారి తల ఎత్తి చూడలేదు. మిగిలిన రెండూ ఈదింది. కాళ్లు ఆడడం లేదని తెలుస్తూనే ఉంది, చేతులతోనే ఈడ్చుకొని వచ్చి గోడ తాకింది.

మూడు సెకన్లు ముందు. చోటు ఆ పిల్లదే.

బాపు కంచె దాటి వచ్చి బిడ్డను నీళ్లలో నుంచి ఒక్క చేత్తో పైకి లాగాడు. తడిసిన పిల్లను అలాగే పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ బిడ్డ..." అన్నాడు. నేను తలూపాను. మా బిడ్డ అప్పుడు అటు గోడ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. పోటీ అంతా అక్కడి నుంచే చూసింది. నెమ్మదిగా నడిచి వచ్చి ఆ పిల్లకు పొడి తువ్వాలు ఇచ్చింది.

మేమిద్దరం స్కూటీ మీద ఇంటికి బయలుదేరాం. పొద్దున్నుంచి నా బిడ్డ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవనూ లేదు. ఆ ఏడుకు ఆమె రాష్ట్ర పోటీ అయిపోయింది, అది కూడా నా నోటితో. ఎన్ని రోజులు అలుగుతుందో, ఈత మానేస్తానంటుందేమో అని నేను లోలోపల పరేషాన్ అవుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాను.

"అవ్వా."

"ఊఁ."

"ఆమె నాకంటె ముందటుండె. నాకెర్కనే. గోడ ముట్టి తలెత్తి జూస్తె ఆమె ఇంక ఈదుతాంది. నీ గంట తప్పిందని గప్పుడే ఎర్కైంది."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను స్కూటీని పక్కకు తీసి చెరుకురసం బండి దగ్గర ఆపాను.

"మరి?" అన్నాను.

"నువ్వు చెప్పకపోతె నేను గూడ చెప్పకపోతుంటి అవ్వా."

ఆమె ముఖం నాకు కనిపించడం లేదు. వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. నువ్వు మంచిదానివే బిడ్డా అని చెప్పొచ్చు, అలా అనుకోకూడదని మందలించనూ వచ్చు. రెండూ నాకు చేతకాలేదు.

"సారు కలమిస్తె నేను గూడ ఎంటనే చెప్పలే," అన్నాను. "కొద్దిసేపు ఊకున్న."

ఆమె నా భుజం పట్టుకుంది.

"ఎంతసేపు?"

"గడియారం చూడలే. నువ్వు స్టేట్‌కు పోయినట్టు, టోపీ వెట్టుకున్నట్టు, మీ బాపు ఫోన్ల అందరికి చూపెట్టినట్టు కనవడ్డది. గంతసేపు."

"నాకు గూడ గదే కనవడ్డదవ్వా," అంది.

అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచి బిగబట్టుకున్న పిల్ల, నడిరోడ్డు పక్కన నా వీపుకు ముఖం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. చెరుకురసం ఆయన రెండు గ్లాసులు పోయాలా అని వేళ్లతో అడిగాడు. కొంచెం ఆగమని సైగ చేశాను. స్కూటీ బంద్ చేసి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, నా బిడ్డ ఏడుపు అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాను.